రహీం సాబ్ పోయాక

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. ఇంగ్లండు నుంచి వచ్చిన సైనికులు మన కంటోన్మెంట్లలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. 1943లో బెంగళూరులో యాష్ గోల్డ్ కప్ కోసం రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టుతో తలపడి, హైదరాబాద్ సిటీ పోలీస్ గెలిచింది. ఏలేవాళ్ల ఆటలో ఏలేవాళ్లనే ఓడించారు మన పోలీసోళ్లు.

ఆ రోజుల్లోనే సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. వృత్తికి బడిపంతులు. ఆట కూడు పెట్టని రోజుల్లో ఆటనే పాఠంగా చెప్పారు. డ్రిబ్లింగ్ చేయకూడదని షరతు పెట్టి పోటీలు జరిపారు. బలం లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ పెట్టారు. కుడికాలి వాటం పిల్లాడు ఎడమకాలితో తంతే బంతి ఎటో పోయేది. మళ్లీ మళ్లీ తన్నగా ఆ కాలూ దారికొచ్చేది.

ఫలితం దేశమంతా చూసింది. 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్ వరసగా ఐదేళ్లు ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీస్‌దే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అమ్ముగూడ బలరాం అందరూ ఈ గడ్డ మీద ఎదిగినవాళ్లే.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. ఫైనల్‌లో స్టేడియమంతా మనవాళ్లను గేలి చేస్తూ కేకలేసింది. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరసలో నిలబెట్టారు. జర్నైల్ గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో బంగారు పతకం దక్కింది. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు.

ఆయనతోపాటే మన ఫుట్‌బాల్ వెలుగు ఆరిపోయింది. ఆసియా క్రీడల్లో భారత్‌కు మళ్లీ ఫుట్‌బాల్ బంగారం రాలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, అంతే. జబ్బు చేసి చిన్న వయసులోనే ఆట మానేసిన బలరాం, కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో ఒంటరిగా బతికి, 2023లో పోయారు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా మూడేళ్లకే ఢిల్లీకి తరలిపోయింది.

ఇంత పెద్ద వైభవాన్ని ఒక్క మనిషి భుజాల మీద నిలబెట్టాం. ఆ మనిషికి వారసుణ్ణి తయారు చేసుకోలేదు. మన పతనానికి మూలం అక్కడే ఉంది. రహీం సాబ్ మొదలుపెట్టింది డబ్బుతో కాదు, బడితో. బాన్సువాడ డివిజన్‌లోని పెద్ద కొడప్‌గల్ బడిలోనైనా, పట్నం బడిలోనైనా పిల్లలకు కావలసింది ఒక బంతి, ఓపికగా నేర్పే ఒక పంతులు. ఆ పంతుళ్లను తయారు చేయడమే రహీం సాబ్‌కు మనం తీర్చాల్సిన బాకీ.