దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి – స్వయం నిర్వహణ

దీర్ఘకాలిక శ్వాసకోశ అవరోధ వ్యాధి (సి.ఓ.పి.డి.) కలిగిన రోగి తన వ్యాధి లక్షణాలను తానే గమనించుకొంటూ, తగిన సమయంలో తగిన చర్యలను చేపట్టడాన్ని స్వయం నిర్వహణ అంటారు. ఈ నైపుణ్యాన్ని రోగికి నేర్పి, ఆ తరువాత కూడా అండగా నిలిచే బాధ్యత ముఖ్యంగా కుటుంబ వైద్యునిది, ఆయన వద్ద పనిచేసే నర్సులది. స్వయం నిర్వహణ అనగా సొంత వైద్యం కాదు. వైద్యుని పర్యవేక్షణ ఇందులో విడదీయరాని భాగం.

వ్యాధి స్వభావం

ఈ వ్యాధిలో శ్వాసనాళాలు సన్నబడతాయి, ఊపిరితిత్తులలోని గాలి గదులు దెబ్బతింటాయి. ఆయాసం, దగ్గు, కఫం ముఖ్య లక్షణాలు. స్పైరోమెట్రీ పరీక్ష ద్వారా వ్యాధిని నిర్ధారిస్తారు. సిగరెట్, బీడీ, చుట్ట త్రాగడం ప్రధాన కారణం. కట్టెలు, పిడకల పొయ్యిల నుండి వచ్చే పొగ, దుమ్ముతో కూడిన వృత్తులు కూడా కారణమవుతాయి. అందువలన ఎన్నడూ పొగ త్రాగని గ్రామీణ స్త్రీలలో సైతం ఈ వ్యాధి కనిపిస్తుంది. భారతదేశంలో 1990లో సుమారు 2.8 కోట్లుగా ఉన్న రోగుల సంఖ్య 2016 నాటికి సుమారు 5.5 కోట్లకు చేరినట్లు అంచనా.

మధ్యమధ్యలో లక్షణాలు ఒక్కసారిగా పెరగడాన్ని ఉధృతి అంటారు. ఇది ఆసుపత్రిలో చేరికకు, ఒక్కొక్కప్పుడు మరణానికి దారితీస్తుంది. చికిత్స త్వరగా మొదలైతే రోగి త్వరగా కోలుకుంటాడు. కాని ఉధృతి మొదలయ్యే సమయానికి వైద్యుడు ప్రక్కన ఉండడు. స్వయం నిర్వహణ అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.

రోగి నేర్చుకొనవలసినవి

* పొగత్రాగడం మానివేయడం. వ్యాధి ముదరకుండా ఆపడంలో దీనికి మించిన చర్య లేదు.
* ఇన్‌హేలర్‌ను సరిగా వాడడం. స్టెరాయిడ్ కలిగిన ఇన్‌హేలర్ వాడిన తరువాత నోరు పుక్కిలించాలి.
* ఆయాసం వచ్చినపుడు పెదవులను ఈల వేస్తున్నట్లు ముడిచి గాలిని నెమ్మదిగా వదలడం.
* నడక, వ్యాయామం కొనసాగించడం. ఆయాసానికి భయపడి కదలకుండా ఉంటే కండరాలు బలహీనపడి ఆయాసం ఇంకా పెరుగుతుంది.
* ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోకోకల్ టీకాలు వేయించుకోవడం.
* తన సాధారణ స్థితిని, అందులో వచ్చే మార్పును గుర్తించడం.

కార్యాచరణ ప్రణాళిక

వైద్యుడు, రోగి కలిసి వ్రాతపూర్వకంగా తయారుచేసుకొనే పత్రమే కార్యాచరణ ప్రణాళిక. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలను రూపొందించే నైస్ సంస్థ విడుదల చేసిన సూచనల ప్రకారం ఇందులోని ముఖ్యాంశాలు ఇవి:

* ఆయాసం పెరిగితే శ్వాసనాళాలను వెంటనే వ్యాకోచింపజేసే ఇన్‌హేలర్ మోతాదును ప్రణాళికలో వ్రాసినట్లు మార్చుకోవాలి.
* ఆయాసం రోజువారీ పనులకు అడ్డుపడితే స్టెరాయిడ్ మాత్రలు వాడాలి. సాధారణంగా ప్రెడ్నిసొలోన్ రోజుకు 30 మి.గ్రా. చొప్పున 5 రోజులు ఇస్తారు.
* కఫం రంగు మారి, పరిమాణం లేదా చిక్కదనం మామూలు కంటే పెరిగితే యాంటీబయాటిక్ కూడా వాడాలి.
* మందులు మొదలుపెట్టిన విషయాన్ని వైద్యునికి లేదా నర్సుకు తెలియజేయాలి.

ఈ మందులను ముందుగానే ఇంటివద్ద ఉంచుకోవడానికి అందరూ అర్హులు కారు. గడచిన సంవత్సరంలో ఉధృతికి గురై, ఇంకా ఆ ముప్పు ఉన్నవారికి, మందుల వాడకం, లాభనష్టాలు బాగా తెలిసినవారికి మాత్రమే వీటిని ఇవ్వాలి. ఏడాదిలో మూడు లేదా అంతకంటే ఎక్కువ సార్లు వాడవలసి వస్తే కారణాన్ని పరిశోధించాలి. స్టెరాయిడ్ మాత్రలను పదేపదే వాడితే రక్తంలో చక్కెర పెరగడం, ఎముకలు పెళుసుబారడం వంటి దుష్ఫలితాలు కలుగుతాయి.

పెదవులు నీలిరంగుకు మారినా, మగత కమ్మినా, మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా ప్రణాళికతో నిమిత్తం లేకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కుటుంబ వైద్యుని పాత్ర

రోగిని కనీసం సంవత్సరానికి ఒకసారి, వ్యాధి మిక్కిలి తీవ్రంగా ఉంటే రెండుసార్లు సమీక్షించాలి. ఇన్‌హేలర్ వాడే పద్ధతిని నోటిమాటగా అడగడం కంటే రోగి చేత వాడించి చూడడం మేలు. ఆందోళన, కుంగుబాటు ఉన్నవేమో గమనించాలి. చదవడం రాని రోగికి ప్రణాళికను బొమ్మలతో వివరించవచ్చు. కుటుంబ సభ్యులకు కూడా దానిని తెలియజేయడం ఉపయోగకరం.

పరిశోధనలు

కెనడాలోని క్విబెక్‌లో 191 మంది రోగులపై జరిగిన అధ్యయనం 2003లో ప్రచురితమైంది. శిక్షణతో పాటు నిరంతర సంప్రదింపు పొందినవారిలో ఉధృతి వలన ఆసుపత్రిలో చేరికలు సుమారు 40 శాతం తగ్గాయి.

అన్ని ఫలితాలు ఇలా లేవు. 2012లో ప్రచురితమైన గ్లాస్గో అధ్యయనంలో 464 మంది పాల్గొన్నారు. మొత్తం మీద రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. శిక్షణ పొందినవారిలో 42 శాతం మంది మాత్రమే స్వయం నిర్వహణలో సఫలులయ్యారు. వీరిలో చిన్న వయసువారు, ఇతరులతో కలిసి నివసించేవారు ఎక్కువ. అదే సంవత్సరం ప్రచురితమైన అమెరికా మాజీ సైనికుల అధ్యయనాన్ని 426 మంది చేరిన తరువాత మధ్యలోనే నిలిపివేశారు. శిక్షణ పొందిన వర్గంలో 28 మంది, రెండవ వర్గంలో 10 మంది మరణించడమే ఇందుకు కారణం. ఈ తేడా ఎందుకు వచ్చినదో స్పష్టంగా తేలలేదు.

తరువాత, అనేక అధ్యయనాలను క్రోడీకరించి 2022లో వెలువడిన కోక్రేన్ సమీక్షలో స్వయం నిర్వహణ వలన జీవన నాణ్యత మెరుగుపడుతుందని, ఆసుపత్రి చేరికలు తగ్గుతాయని, మరణాల ముప్పు పెరగలేదని తేలింది. అయినను పత్రాన్ని, మందులను చేతికిచ్చి పంపివేయడం స్వయం నిర్వహణకు తోడ్పాటు అనిపించుకోదు. ఎవరికి ఎంత బాధ్యత అప్పగించవచ్చునో రోగిని ఎరిగిన వైద్యుడే నిర్ణయించి, తరచు సరిచూడవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* ఉబ్బసం
* ఊపిరితిత్తులు
* ధూమపానం