రోజుకో కథ చెప్పమన్నాడు

1999 జూన్ 19. కార్గిల్ యుద్ధం తీవ్రంగా సాగుతోంది. ద్రాస్ కొండల నుంచి మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాదులోని తండ్రికి ఉత్తరం రాస్తున్నారు. వారం కిందటే వాళ్ల దళం, రెండో రాజ్‌పుతానా రైఫిల్స్, ప్రాణాలొడ్డి తోలోలింగ్ శిఖరాన్ని పట్టుకుంది.

తండ్రి జగన్నాథ ఆచార్య వాయుసేనలో వింగ్ కమాండర్‌గా చేసి రిటైరైన మనిషి. యుద్ధమంటే ఏమిటో ఆయనకు విడమరచి చెప్పక్కర్లేదు. ప్రాణనష్టం గురించి దిగులు పడొద్దని కొడుకు ఆయనకు రాశారు; పోరాడే అవకాశం రావడం జన్మకు దక్కిన గౌరవమని అమ్మతో చెప్పమన్నారు. ఆ తరువాత ఒక పని అప్పగించారు. గర్భిణిగా ఉన్న తన భార్య చారులతకు రోజూ మహాభారతంలోంచి ఒక కథ చెప్పాలి, పుట్టబోయే మీ మనవడికో మనవరాలికో మంచి బుద్ధులు అబ్బాలి, అని. తల మీద తూటాల వాన కురుస్తుంటే ఆ కాబోయే తండ్రి మనసు ఇంకా కళ్లు తెరవని బిడ్డ చదువు మీద ఉంది. ఈ గాథలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఇదే.

మరో రెండు రోజులకు పద్మపాణికి ముప్ఫై ఏళ్లు నిండాయి.

జూన్ 28 రాత్రి. ఎదురుగా నోల్ అనే గుట్ట. చుట్టూ మందుపాతరలు, పైన మెషిన్‌గన్లు, ఫిరంగులు. ముందు వెళ్లిన ప్లటూన్ దెబ్బతిని ఆగిపోయే పరిస్థితి వచ్చింది. కంపెనీ కమాండర్‌గా ఆచార్య వెనక ఉంచిన ప్లటూన్‌ను తీసుకుని తానే ముందు నడిచారు. బంకర్ దాకా పాకుతూ వెళ్లి గ్రెనేడ్లు విసిరారు. ఒంటినిండా గాయాలు, కదల్లేని స్థితి. నన్ను వదిలేసి ముందుకు పొండని జవాన్లను ఆదేశించారు. వాళ్లు వెళ్లారు. గుట్ట చేతికొచ్చింది, ఆయన మిగల్లేదు. ప్రభుత్వం మరణానంతరం మహావీర చక్ర ఇచ్చింది. 2003లో వచ్చిన ‘ఎల్ఓసీ కార్గిల్’ సినిమాలో ఆయన పాత్రను నాగార్జున పోషించారు.

కొన్ని నెలలకు ఆడపిల్ల పుట్టింది. అపరాజిత. ఆ పిల్లకు నాన్న మిలిటరీ జీవితం ఇంట్లోవాళ్ల మాటల్లో, ఆయన రాసిన ఉత్తరాల్లో తెలియాల్సిందే. పెద్దయ్యాక ఆమె ఆ జ్ఞాపకాలను పోగుచేసి ‘అవర్ బబ్లూ’ అనే పుస్తకంగా తెచ్చింది.

ఉత్తరాలు రాసే తండ్రులు అందరికీ ఉండరు. మా నిజాంసాగర్, బాన్సువాడ వైపు పల్లెల్లోనూ ట్రంకు పెట్టె అడుగున డిశ్చార్జి బుక్కు దాచుకుని, నోరు విప్పని ‘మిలిటరీ తాత’లు ఉంటారు. అడిగితే “ఏముంది బిడ్డా, నౌకరీ జేసిన, ఒచ్చిన” అని ఊరుకుంటారు. కానీ ఆ డిశ్చార్జి బుక్కు మాట్లాడుతుంది. అందులో పూర్వీ స్టార్ ఉంటే 1971లో ఆ మనిషి బంగ్లాదేశ్ వైపు ఉన్నాడు. పశ్చిమీ స్టార్ అయితే పాకిస్తాన్ సరిహద్దున. సమర్ సేవా స్టార్ ఉంటే 1965 యుద్ధం చూసినవాడు. ఆపరేషన్ విజయ్ స్టార్ అంటే కార్గిలే.

ఏటా నవంబరులో పెన్షన్‌దార్లకు జీవన్ ప్రమాణ్, అంటే బతికే ఉన్నామని ఆన్‌లైన్‌లో రుజువు చూపే పని పడుతుంది. నాగలి, బందూకు రెండూ పట్టిన వేళ్లు అరిగి వేలిముద్ర పడదు. స్పర్శ్ అంటూ పెన్షన్ కూడా ఆన్‌లైన్‌కు మారాక ముసలి జవాన్లకు తోడు కావాలి. డిసెంబరు 7న సాయుధ దళాల జెండా దినం నాడు డబ్బా పట్టుకుని చందా వసూలు చేసే కాలేజీ పిల్లలు ఈ పనికీ రావాలి. తాతను బండి మీద ఎక్కించుకుని మీసేవకు తీసుకుపోండి. వేలిముద్ర పడేదాకా పక్కన కూర్చుని, ఆ బుక్కులో మెడల్స్ పేజీ తీసి ఆయన కొడుకు, కోడలు, మనవలు వినేలా గట్టిగా చదవండి. ఈ మెడల్ ఎక్కడిది తాతా, అని అప్పుడు అడగండి.