పెరటి తోటల్లో వలస వార్బ్లర్లు

వార్బ్లర్లు ప్రధానంగా పురుగులు తిని బతికే చిన్న పిట్టలు. తూర్పు యూరప్, సైబీరియా, మధ్య ఆసియా, హిమాలయాల్లో వేసవిలో పిల్లల్ని పెంచి, చలికాలానికి భారత ద్వీపకల్పానికి దిగివచ్చే జాతులు వీటిలో చాలా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పెరళ్లలో ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ దాకా ఎక్కువగా తగిలేవి రెండు: గ్రీనిష్ వార్బ్లర్, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. వలస పక్షి అంటే కొల్లేరుకో పులికాట్‌కో వెళ్లి చూడాల్సిందే అనుకునేవారు ఎక్కువ. నిజానికి ఒక మామిడి చెట్టు, నాలుగు మందార పొదలు ఉన్న ఇల్లు చాలు. పైగా ఈ పిట్టల్ని నేర్చుకోవడానికి అడవి కన్నా పెరడే మేలు. అడవిలో ఒకసారి జారిపోయిన పిట్ట మళ్లీ దొరకదు, పెరట్లోది రేపు కూడా అక్కడే ఉంటుంది.

గ్రీనిష్ వార్బ్లర్

శాస్త్రీయ నామం ఫిల్లోస్కోపస్ ట్రోకిలాయిడిస్. స్వీడన్ శాస్త్రవేత్త సుందెవాల్ 1837లో దీన్ని వర్ణించాడు. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, బరువు 10 గ్రాముల లోపు. పిచ్చుకలో సగం కూడా తూగదు. వీపు బూడిద కలిసిన ఆకుపచ్చ, కడుపు మాసిన తెలుపు. కంటి మీదుగా పొడవాటి లేత గీత ఉంటుంది. ముడిచిన రెక్క మీద సన్నని తెల్లగీత ఒకటి కనిపిస్తుంది కాని, ఈకలు అరిగినప్పుడు అది చెరిగిపోతుంది. కాబట్టి గీత లేదని కొట్టిపారేయకూడదు.

దీన్ని ముందు చెవితోనే పట్టుకోవాలి. ‘చిస్‌విట్’ అని రెండు ముక్కల్లో చురుగ్గా పలికే పిలుపు కొమ్మల పైభాగం నుంచి రోజంతా వినిపిస్తుంది. ఒకసారి చెవికి పట్టిందంటే ఊళ్లో ప్రతి వేపచెట్టు నుంచీ అదే పిలుపు వినబడుతున్నట్టు ఉంటుంది. కంటికి మాత్రం అంత తేలిగ్గా చిక్కదు. మామిడి గుబురులోకి దూరితే కదిలే ఆకే కనిపిస్తుంది, పిట్ట కనిపించదు. మునగ చెట్టయితే ఆకు చిన్నది, కొమ్మ పలచన. రెక్కలు టపటప విదిలిస్తూ రెమ్మ నుంచి రెమ్మకు జరగడం, క్షణం సేపు గాలిలో నిలిచి ఆకు అడుగున ఉన్న పురుగును ముక్కుతో లాగడం అక్కడ స్పష్టంగా చూడవచ్చు.

చలికాలంలో ఒక్కో పిట్ట కొన్ని చెట్లను తన సొంతం చేసుకుని, మరొకటి వస్తే తరిమేస్తుంది. ఆ పిలుపులో సగం పొరుగువాడికి హెచ్చరికే. ఈ జాతి శీతాకాల జీవితంపై ట్రెవర్ ప్రైస్ రాసిన అధ్యయనం 1981లో ‘ఐబిస్’ పత్రికలో వచ్చింది. అంతకుముందు 1979లో ఆయన ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల పక్షుల రాకపోకల మీద బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరమైన వ్యాసం ప్రచురించాడు. ఆ కొండల్లో విశాఖ పక్షి శాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజుతో కలిసి కూడా పనిచేశాడు.

పరిణామ శాస్త్రంలో ఈ పిట్టకు పెద్ద పేరే ఉంది. టిబెట్ పీఠభూమి చుట్టూ దీని ఉపజాతులు ఉంగరంలా విస్తరించాయి. హిమాలయాల నుంచి పడమటి వైపుగా ఒక పాయ, తూర్పు వైపుగా ఇంకొక పాయ ఉత్తరానికి సాగి మధ్య సైబీరియాలో కలుస్తాయి. దారి పొడవునా పక్కపక్క ఉపజాతుల పాటలు కొంచెం కొంచెంగా మారుతూ పోతాయి. చివరన కలిసినచోట ఒకదాని పాటను మరొకటి తనదిగా గుర్తించదు, జత కట్టదు. క్లాడ్ టైస్‌హర్స్ట్ 1938లోనే దీన్ని ఊహించగా, డారెన్ ఇర్విన్ బృందం 2001లో ‘నేచర్’ పత్రికలో ఆధారాలు చూపింది. ఈ గొలుసు గతంలో కొన్నిచోట్ల తెగిందని 2014 నాటి జన్యు అధ్యయనం తేల్చడంతో కథ మొదట చెప్పుకున్నంత నున్నగా లేదు. మన పెరళ్లకు వచ్చేది ప్రధానంగా పడమటి పాయకు చెందిన విరిడానస్ ఉపజాతి.

బ్లైత్స్ రీడ్ వార్బ్లర్

కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం క్యూరేటర్ ఎడ్వర్డ్ బ్లైత్ 1849లో వర్ణించిన జాతి. ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా గూళ్లు పెట్టి, చలికాలం ఎక్కువగా భారత్, శ్రీలంకల్లో గడుపుతుంది. 13 సెంటీమీటర్ల మట్టిరంగు పిట్ట. చూడగానే చెప్పుకోదగ్గ గుర్తు ఏదీ లేదు. అదే దాని గుర్తు అనుకోవచ్చు. గోరింట కంచె, నందివర్ధనం పొద వంటి చోట్ల కిందనే తిరుగుతుంది. పొద లోపలి నుంచి రాయి మీద రాయి తగిలినట్టు ‘చెక్... చెక్’ మని పొడిగా వినిపిస్తే అదేనని అనుమానించాలి. ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణానికి ముందు కొన్ని పాట మొదలుపెడతాయి. ఇతర పక్షుల గొంతులు కలిపి అల్లే ఆ పాట పూర్తి రూపం మాత్రం ఉత్తరాన, వేసవి రాత్రుల్లో వినవలసిందే.

పొరబడే పిట్టలు

దర్జీ పిట్ట తలమీద ఇటుక రంగు, నిక్కబొడుచుకున్న తోక ఉంటాయి. ఆడ తేనెపిట్ట ముక్కు పొడవుగా వంగి ఉంటుంది. వైట్-ఐ కంటిచుట్టూ తెల్లటి వలయం. తుమ్మ చెట్లలో తిరిగే లెస్సర్ వైట్‌త్రోట్‌కు బూడిద తల, తెల్ల గొంతు. బూటెడ్, సైక్స్ వార్బ్లర్లను విడదీయడం అనుభవజ్ఞులకూ కష్టమే. అటువంటప్పుడు ‘వార్బ్లర్, జాతి తేలలేదు’ అని రాసుకోవడం గౌరవప్రదమైన పని.

అమెరికాలోని తెలుగువారు మే నెలలో తమ పెరళ్లలో చూసే పసుపు, నారింజ, నీలి వార్బ్లర్లు వేరే కుటుంబానివి. వీటితో దగ్గరి చుట్టరికం లేదు.

తోట, నమోదు

గింజలు చల్లితే ఇవి రావు. మామిడి పూతకాలంలో మందు కొడితే తేనెమంచు పురుగుతో పాటు వీటి తిండీ పోతుంది. సాయంత్రం ఆకులు తడిసేలా నీళ్లు చల్లితే, ఆ తడి ఆకుల మీద దొర్లి స్నానం చేయడానికి దిగే అవకాశం ఉంది. అప్పుడే అవి కంటి ఎత్తుకు వస్తాయి. 8×42 బైనాక్యులర్ సరిపోతుంది. పిలుపును ఫోన్‌లో రికార్డు చేసి మెర్లిన్ యాప్‌తో పోల్చుకోవచ్చు. యాప్ చెప్పిన పేరును కంటితో సరిచూసుకున్నాకే పక్షుల నమోదు వేదిక ఈబర్డ్‌లో నమోదు చేయాలి. మొదటి రాక తేదీ అందరూ రాస్తారు, అది తేలిక. చివరిసారి వినిపించిన తేదీ తెలియాలంటే మార్చి నుంచి రోజూ ‘వినబడింది’, ‘వినబడలేదు’ అని రాసుకుంటూ పోవాలి. ఈ రెండోరకం నమోదులు తక్కువ కాబట్టి వాటి విలువ ఎక్కువ.