పదకొండూ నలభై నాలుగు

2015 ఏప్రిల్ 25, శనివారం. ఖరగ్‌పూర్‌లో మునిసిపల్ ఓట్ల రోజు. మథురాకాటిలో ఒక బడి వరండాలో మీరు వరసలో నిలబడి ఉన్నారు. చేతిలో ఓటరు స్లిప్పు చెమటకి మెత్తబడిపోయింది. ముందు ఇంకా ఇరవై మంది. వాకిట్లో ఎర్రమొరం పొగలు కక్కుతోంది.

వరసలో మూడు భాషలు నడుస్తున్నాయి. లోపల కూర్చున్న ఏజెంటుతో బెంగాలీ, గుమ్మంలో పోలీసుతో హిందీ, పక్కకి తిరిగితే శ్రీకాకుళం తెలుగు. "ఏటి బాబూ, మీ అమ్మ రాలేదేటి?" అంటోంది ముందున్న పిన్ని. మెట్టినిల్లు నిమ్‌పురా, పుట్టినిల్లు పలాస వైపు. ఇక్కడి తెలుగిళ్ళలో చాలావాటి కథ అదే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ముత్తాత ఎవరో కట్టపనికి వచ్చాడు, వర్క్‌షాపులో కుదురుకున్నాడు, ఊరికి ఉత్తరం రాసి తమ్ముణ్ణి రప్పించాడు. నాలుగో తరం ఇప్పుడు ఈ వరసలో ఉంది.

గోడ గడియారం 11:41 చూపిస్తోంది.

ఆ క్షణంలో ఇక్కడికి సుమారు 700 కిలోమీటర్ల దూరంలో, నేపాల్‌లోని గోర్ఖా జిల్లాలో, బార్‌పాక్ అనే కొండ ఊరి దగ్గర నేల లోతున రాయి తెగింది. హిమాలయాల కిందికి మన దేశపు పలక ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున తోసుకుపోతూ ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా బిగదీసుకున్న ఆ బరువు ఒక్కసారిగా జారింది. తెగడం బార్‌పాక్‌లో ఆగలేదు. బట్ట చిరిగినట్టు తూర్పు వైపు వంద కిలోమీటర్లకు పైగా చిరుగుతూ పోయింది, కాఠ్‌మాండూ కింద నుంచే పోయింది. తీవ్రత 7.8. నిమిషం లోపలే అంతా అయిపోయింది.

మీకేమీ తెలియదు. పిన్ని కొడుకు ఉద్యోగం సంగతి చెబుతోంది. వింటున్నారు.

భూమి లోపల అలలు బయలుదేరాయి. అన్నిటికంటే ముందు నడిచేది సెకనుకి ఎనిమిది కిలోమీటర్ల వేగంతో వస్తుంది. గంగ మైదానం కింద నుంచి, బీహార్ కింద నుంచి, ఛోటానాగ్‌పూర్ రాళ్ళ కింద నుంచి, నిమిషంన్నరలో మీ కాళ్ళ కిందికి చేరింది. కిటికీ ఊచ సన్నగా జివ్వుమంది. మీరు పట్టించుకోలేదు. ఈ ఊళ్ళో పుట్టినవాడెవడూ పట్టించుకోడు. నిమ్‌పురా యార్డులో వ్యాగన్లు కొట్టుకుంటే ఇళ్ళలో గిన్నెలు మోగుతాయి, బొగ్గు గూడ్సు పోతే గోడ మీద కేలండరు ఊగుతుంది. ఉయ్యాలలోని బిడ్డ కూడా ఆ చప్పుడుకే నిద్రపోతుంది. వణుకు అంటే ఖరగ్‌పూర్‌కి రైలే.

11:44.

"ఓలమ్మో, నాకు కళ్ళు తిరుగుతున్నాయి రా" అని పిన్ని స్తంభం పట్టుకుంది. ఎండకి అనుకుని నీళ్ళ సీసా తీశారు. సీసాలో నీళ్ళు అటో వైపు, ఇటో వైపు. మీ చెయ్యి కదలడం లేదు.

రైలు వణుకు ఎలా ఉంటుందో మీ అరికాళ్ళకి తెలుసు. ఒక వైపు నుంచి వస్తుంది, పెరుగుతుంది, దడదడమంటుంది, పోతుంది. ఇది అలా లేదు. చప్పుడు లేదు. పడవలో నిలబడ్డట్టుంది. ఒక పక్కకి వాలి, కాసేపు అక్కడే ఆగి, మళ్ళీ రెండో పక్కకి. ఆపేసిన ఫ్యాను కొక్కెం మీద ఊగుతోంది. వరసలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. తనకొక్కడికే ఏదో అయిందని అందరికీ భయం. అదే ముఖం ఎదుటివాడికీ ఉందని చూశాక అసలు భయం మొదలైంది.

"భూమికంపో! బేరియే ఎషో!" అని లోపలి నుంచి ఎవరో అరిచారు, భూకంపం, బయటికి రండి అని. లోకో షాపులో పని చేసి రిటైరైన తాతయ్య వెనక నుంచి గొంతెత్తాడు: "పరిగెత్తకండి. గోడకి దూరంగా నడవండి. మైదానంలోకి నడవండి!" నలభై ఏళ్ళు క్రేను కింద నిలబడ్డ మనిషి గొంతు అది. జనం విన్నారు.

మైదానం పక్కన పుకూరు ఉంది. ఇక్కడి తెలుగువాళ్ళు చెరువుని బెంగాలీ మాటతోనే పిలుచుకుంటారు. గాలి లేదు, ఆకు కదలడం లేదు. పుకూరులో నీళ్ళు మాత్రం ఒడ్డెక్కి మెట్టు తడిపి వెనక్కి పోతున్నాయి. మళ్ళీ వస్తున్నాయి. తాంబాళంలో నీళ్ళు పోసి ఎవరో రెండు చేతులా పట్టుకుని వాల్చుతున్నట్టుంది. దూరాన పుట్టిన పెద్ద భూకంపం అలలు పొడవుగా, నిదానంగా ఉంటాయి. ఎత్తయిన ఇళ్ళకీ, చెరువులకీ, నిండుగా ఉన్న ట్యాంకులకీ అవి ముందు తెలుస్తాయి.

అప్పుడు వినిపించింది శంఖం. ఏదో బెంగాలీ ఇంట్లోంచి. వెంటనే మరో ఇంట్లోంచి. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ ఉలుధ్వని చేస్తున్నారు. భూమి కదిలితే బెంగాల్‌లో శంఖం ఊదుతారు. పిన్ని చెప్పులు విడిచి, కూలబడి, రెండు అరచేతులూ మొరం మీద ఆనించింది. "తల్లీ భూదేవీ, సల్లగుండు. బరువైతే ఓపిక పట్టమ్మా." ఆదిశేషుడు పడగ మార్చుకున్నాడని మా ఇళ్ళలో ముసలివాళ్ళు చెప్పే మాట నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. మొయ్యలేని బరువు ఎవరో మోస్తున్నారన్న కృతజ్ఞత అందులో ఉంది. ఆ రోజు శంఖమూ, ఆ దణ్ణమూ ఒకే మైదానంలో వినపడ్డాయి, కనపడ్డాయి.

ఆగింది. ఎప్పుడు ఆగిందో ఎవరూ చెప్పలేరు. కాళ్ళు ఇంకా ఊగుతూనే ఉన్నాయి.

మళ్ళీ వరస కట్టారు. మీ వంతు వచ్చింది, వేలికి సిరా పడింది. బయటికొచ్చి ఫోను కొడితే లైను కలవడం లేదు. ఊరంతా ఒకేసారి ఫోను తీసింది మరి. 12:15కి అక్కడే 6.6 తీవ్రతతో మరొకటి లేచింది. ఇళ్ళలోకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వీధిలోకి వచ్చారు. గోల్‌బజార్లో దుకాణాల ముందు టీవీల దగ్గర జనం మూగారు. కాఠ్‌మాండూలో ధరహరా స్తంభం ఉండాల్సిన చోట మొండెం కనిపిస్తోంది. 1934లోనూ అది కూలింది, కట్టుకున్నారు, ఇప్పుడు మళ్ళీ కూలింది. తరవాతి రోజుల్లో లెక్క పెరుగుతూ పోయింది. నేపాల్‌లోనే దాదాపు 9,000 మంది పోయారు. శనివారం అక్కడ బడులకి సెలవు. వేల తరగతి గదులు ఖాళీగా కూలాయి. ఆ ఒక్క మాట దగ్గర నేను ఇప్పటికీ చేతులు జోడిస్తాను.

ఖరగ్‌పూర్ పక్కనే సాలువా ఉంది. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ ఉండే చోటు. గూర్ఖా కుటుంబాలు తరాలుగా అక్కడే కాపురం. గోర్ఖా అన్న పేరు మనకి ఆ సాయంత్రం టీవీలో జిల్లా పేరు. వాళ్ళకది జాతి పేరు. పలాసకి ఫోను కలిసి పిన్ని "మేం బాగున్నాం" అని చెప్పగలిగిన వేళకి, కొండల్లో చుట్టాలున్నవాళ్ళు పలకని నెంబర్లే మళ్ళీ మళ్ళీ నొక్కుతూ ఉంటారు. వలస వచ్చినవాడి బాధ వలస వచ్చినవాడికి చెప్పక్కర్లేదు.

రైలు ఊరికి 1934 ఊరికే గుర్తుండదు, ఒక కారణం ఉంది. ఆ ఏడు జనవరి 15 మధ్యాహ్నం వచ్చిన నేపాల్-బీహార్ భూకంపం ముంగేరుని నేలమట్టం చేసింది. దాన్ని ఆనుకుని ఉన్న జమాల్‌పూర్ 1862 నుంచీ రైల్వే వర్క్‌షాపు ఊరు, అచ్చం ఖరగ్‌పూర్ లాంటిదే. అదీ దెబ్బతింది. ఆ భూకంపంలో 10,000 మందికి పైగా పోయారు.

"అంత దూరంలో కదా" అని ఆ సాయంత్రం అరుగుల మీద అందరూ అన్న మాట. మీరూ అన్నారు. ఆ మాటకే నేను ఒప్పుకోను. 1985 సెప్టెంబరు 19న మెక్సికోలో భూకంపం పసిఫిక్ ఒడ్డున పుట్టింది. మెక్సికో నగరం అక్కడికి 350 కిలోమీటర్లకు పైగా దూరం. కానీ ఆ నగరం పూడిన సరస్సు మీద కూర్చుంది. మెత్తటి మట్టి అలను జల్లెడలా ఊపి పెంచింది. ఆరు నుంచి పదిహేను అంతస్తుల ఇళ్ళు ఎక్కువగా కూలాయి. వేల మంది పోయారు. 2001 జనవరి 26న భుజ్ వైపు నేల కదిలితే, 200 కిలోమీటర్ల పైన ఉన్న అహ్మదాబాదులో కొత్త అపార్టుమెంట్లు కూలి వందల మంది పోయారు. దూరం కాపాడదు. కింద నేల, పైన గోడ కాపాడాలి.

ఖరగ్‌పూర్ కింద నేల కొంత మంచిది. బావి తవ్వినవాడికి తెలుసు, గునపం ఖంగుమంటుంది, ఎర్రమొరం గట్టిది. తూర్పుకి పోయే కొద్దీ నదులు పరిచిన ఒండ్రు, కోల్‌కతా దాకా అదే. కోల్‌కతాలో ఏ పేట ఎంత ఊగుతుందో లెక్కగట్టి పటం గీసినవాళ్ళు ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళే, మన హిజిలీలో కూర్చుని. కానీ గట్టి నేల ఉందని గోడలు వాటంతటవే గట్టివి కావు. ఆనాటి పటంలో ఊరు మూడో భూకంప మండలంలో ఉండేది. 1964 ఏప్రిల్ 15న సాగర్ దీవి దగ్గరే, అంటే మన ముంగిట్లోనే, అయిదు దాటిన భూకంపం వచ్చింది. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 వచ్చి ఇక్కడి నుంచి మద్రాసు దాకా మంచాలు ఊపింది.

ఏప్రిల్ 25 తరవాత పదిహేడు రోజులకి, మే 12 మధ్యాహ్నం 12:35కి, నేపాల్‌లో 7.3 తీవ్రతతో మళ్ళీ వచ్చింది. ఈసారి పిన్ని కళ్ళు తిరుగుతున్నాయనుకోలేదు. పొయ్యి కట్టేసి, మనవణ్ణి చంకనెత్తుకుని మైదానంలోకి నడిచింది.

మథురాకాటిలో, నిమ్‌పురాలో, మలంచలో, ఖరీదాలో ఇల్లు కట్టుకున్న మనవాళ్ళకి ఒక్క మనవి. పిల్లాడి పెళ్ళికని పైన మరో అంతస్తు వేసే ముందు, మేస్త్రీ మాట ఒక్కటే వినకండి. పునాది ఎంత లోతో, స్తంభాల్లో ఇనుము ఎంతో ఇంజనీరు చేత చూపించండి. బీరువాని గోడకి బిగించండి, మంచం తలవైపున ఉంచకండి. డాబా మీద నీళ్ళ ట్యాంకు ఇటుకల మీద ఊరికే పెట్టి ఉంటే ఈ ఆదివారమే దింపించి సరిగా కట్టించండి.