బీగం చెయ్యి నుంచి అంకెల దాకా

మా పల్లె బాగేపల్లికి దగ్గర. ఉద్యోగం చింతామణిలో చేసి అక్కడే స్థిరపడ్డాను గాని, పుట్టిన ఇల్లు పల్లెలో ఇంకా నిలిచే ఉంది. ఆ ఇంట్లో ఎనభై నాలుగేళ్ల మా అమ్మ ఒక్కతే ఉంటుంది. ఎన్నిసార్లు రమ్మన్నా రాదు. "నా ఇంట్లో దీపం నేనే పెట్టల్ల" అంటుంది. నిరుడు ఆమె రెండుసార్లు బీగం చెయ్యి పోగొట్టుకుంది. రెండుసార్లూ ఆచారిని పిలిచి బీగం పగలగొట్టించవలసి వచ్చింది. ఇక ఆ బాధ వద్దనుకుని, అంకెలు నొక్కితే తెరుచుకునే కొత్త రకం బీగాన్ని చిక్కబళ్లాపురంలో కొని తెచ్చి ఆ ఇంటికి పెట్టించాను. పెట్టించిన నెలకే అదే బీగం మా అమ్మను ఒక పూటంతా వాకిట్లో కూర్చోబెట్టింది. ఆ సంగతి చెప్పేముందు బీగాల కథ కొంత చెప్పాలి.

మన వైపు తెలుగువాళ్లం తాళం అనడం తక్కువ, బీగం అంటాం. తాళంచెవి అనం, బీగం చెయ్యి అంటాం. కన్నడంలోనూ అది 'బీగద కై'. కోస్తావారికి ఆ ఇనుప ముక్కలో చెవి కనబడితే మనకూ కన్నడిగులకూ చెయ్యి కనబడింది. రెండు భాషల మధ్య బతికే మనకు ఇలాంటి మాటలు ఎవరివి ఎవరు తీసుకున్నారని అడగాలనిపించదు. ఇంట్లో పుట్టినట్టే ఉంటాయి.

మా అవ్వ కాలంలో పల్లెలో చాలా ఇళ్లకు వీధి వాకిలికి బీగమే ఉండేది కాదట. రాత్రి లోపల అడ్డగడియ వేసి, దాని మీద గడమాను ఆనించేవాళ్లు. పగలు గొళ్లెం చాలు. ఇంట్లో ముసలివాళ్లో పిల్లలో ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండేవాళ్లు. బీగం ఉండేది భోషాణానికి. గుడిబండ, గుమ్మనాయకనపాళ్యం కోటలను పాళెగాళ్లు ఏలిన కాలంలోనైనా వాకిలిని నిజంగా కాచింది ఇనుము కన్నా మనుషులే. ఊళ్లో ఆ పని తలారిది. ఇంట్లో మనుషులు తగ్గి, చదువులకూ కూలికీ బెంగళూరు బస్సెక్కడం మొదలైన తర్వాతే వీధి వాకిళ్లకు బీగాలు వేలాడాయి.

ఆ వేలాడిన బీగాలు ఎక్కడివి? ఉత్తరాదిన అలీగఢ్, దక్షిణాదిన దిండిగల్ ఈ పనికి పేరుమోసిన ఊళ్లు. దిండిగల్ బీగానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. న్యాయవాద వృత్తి వదిలిపెట్టిన అర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో బీగాల తయారీ మొదలుపెట్టాడు. మా నాయన కొన్న ఇత్తడి బీగం మీద ఏ పేరుండేదో నాకు గుర్తులేదు గాని, దాని చెయ్యి మా అమ్మ నడుముకు వేలాడుతూ చేసిన చప్పుడు మాత్రం బాగా గుర్తు. ఆ చప్పుడు దూరంగా పోతే మేము బెల్లం డబ్బా దగ్గరికి పోయేవాళ్లం.

బీగం వయసు వేల ఏళ్లు. ప్రాచీన ఈజిప్టులో కొయ్యతో చేసిన బీగాలుండేవి. గడియలోని రంధ్రాల్లోకి పైనుంచి చిన్న కొయ్య మేకులు జారి దాన్ని పట్టుకుంటాయి. పళ్లున్న కొయ్య చెయ్యితో ఆ మేకులను పైకెత్తితే గడియ కదులుతుంది. 1860ల్లో అమెరికాలో లైనస్ యేల్ అనే ఆయన ఇదే సూత్రాన్ని చిన్న ఇత్తడి గొట్టంలోకి ఇమిడ్చాడు. ఇప్పుడు మన జేబుల్లో ఉండే చదునైన బీగం చేతుల్లో ఎక్కువ భాగం ఆ వంశానివే. ఒక్కొక్క పల్లు ఒక్కొక్క మేకును సరిగ్గా కావలసిన ఎత్తుకు లేపాలి. ఒక్కటి తప్పినా గొట్టం తిరగదు. అంటే బీగం చెయ్యి కూడా ఒక రకంగా అంకెల వరసే. ఆ అంకెలను ఇనుములో కోసి పెట్టారు, అంతే.

ఎవరూ తెరవలేని బీగం చేశామని గర్వపడినవాళ్లూ ఉన్నారు. లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే ఆయన 1784లో ఒక బీగానికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని చెయ్యి లేకుండా తెరిచినవారికి 200 గినీలు ఇస్తామని కొట్టు అద్దంలో పందెం పెట్టారు. అరవై ఏళ్లపాటు ఎవరూ గెలవలేదు. 1851లో లండన్ మహాప్రదర్శనకు వచ్చిన అమెరికావాడు హాబ్స్ పదహారు రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని దాన్ని తెరిచాడు. తెరవలేని బీగం లేదని, ఎంతసేపు ఆపుతుందన్నదే లెక్క అని అప్పటినుంచి బీగాలవాళ్లు ఒప్పుకున్నారు.

ఇక చెయ్యే లేని బీగం సంగతి. ఇదీ ఈనాటిది కాదు. 1206లో అల్ జజరీ అనే యంత్రశిల్పి తన గ్రంథంలో నాలుగు చక్రాల బీగాన్ని వర్ణించాడు. చక్రాల మీది అక్షరాలు కుదిరితేనే పెట్టె మూత లేస్తుంది. అయితే అలాంటి బీగాలకు ఒక చిక్కుంది. రహస్యం ఒకసారి బయటపడితే బీగం పనికిరాదు. 1857లో అమెరికాలో జేమ్స్ సార్జెంట్, యజమాని తన ఇష్టం వచ్చినట్టు అంకెల వరసను మార్చుకోగలిగే బీగాన్ని తయారుచేశాడు. ఇనప్పెట్టెలు చేసేవాళ్లు దాన్ని ఎగబడి తీసుకున్నారు. ఈ 'మార్చుకోగలగడం' అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. మా ఇంటి కథ దానిమీదే తిరిగింది.

అంకెల రహస్యాన్ని సామాన్యుల జ్ఞాపకంలోకి తెచ్చింది బ్యాంకు. 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు డబ్బులిచ్చే యంత్రాన్ని పెట్టింది. దాన్ని రూపొందించిన జాన్ షెపర్డ్ బారన్ మన దేశంలోనే, షిల్లాంగ్‌లో పుట్టినవాడు. రహస్య సంఖ్యకు పేటెంటు 1966లోనే కోరిన జేమ్స్ గుడ్‌ఫెలోకు కూడా ఈ ఘనతలో వాటా ఉంది. షెపర్డ్ బారన్ మొదట ఆరంకెలు అనుకున్నాడట. తన సైనిక సంఖ్య ఆరంకెలదీ, అది తనకు కంఠతా వచ్చు. వంటింట్లో భార్యను అడిగితే, నాలుగు అంకెలకు మించి తనకు గుర్తుండవని ఆమె చెప్పింది. నాలుగంకెలే లోకమంతటా వాడుకయ్యాయి. ఈ కథ చదివినప్పుడు నాకు సిగ్గేసింది. ఆయన ఇంట్లో ఆడమనిషిని ముందుగా అడిగాడు. నేను అడగలేదు.

అంకెల మీటల వరసకూ ఒక చరిత్ర ఉంది. పైన 1, 2, 3తో మొదలై అడుగున సున్నా ఉండే అమరిక అమెరికా టెలిఫోనుది. బెల్ ప్రయోగశాలవాళ్లు రకరకాల వరసలను జనం చేత నొక్కించి చూసి దీన్ని ఎంచుకున్నారు. 1963లో ఆ టెలిఫోన్లు జనానికి వచ్చాయి. లెక్కల యంత్రంలో మాత్రం 7, 8, 9 పైన ఉంటాయి. అంగడిలో లెక్కల యంత్రానికి అలవాటైన వేళ్లు బీగం దగ్గర తడబడేది అందుకే. మన పట్నాల్లో ఆ మీటల వరసను చాలామంది మొదట తాకింది ఎస్‌టీడీ బూత్‌లో. బాగేపల్లికి 08150, చింతామణికి 08154, చిక్కబళ్లాపురానికి 08156. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చరవాణి వచ్చాక కొడుకు నంబరు కూడా గుర్తులేదు.

బీగం పెట్టించిన పని చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. మాది జోడు రెక్కల పాత తలుపు. తలుపు మందంలోకి దిగే రకం బీగాలు ఒంటి రెక్క తలుపులకు చేసినవి. అందువల్ల తలుపు లోపలి వైపున పెట్టెలా బిగించే రకం తీసుకున్నాం. ఆచారి ఎడమ రెక్కకు పైనా కిందా గడియలు వేసి దాన్ని కదలకుండా చేశాడు. బీగంతో వచ్చిన కాగితపు అచ్చును కుడి రెక్కకు అంటించి గుర్తులు పెట్టి రంధ్రం తొలిచాడు. బయట అంకెల పలక, లోపల బీగం, మధ్య రంధ్రంలోంచి తీగ. గడియ దిగే గూడు ఎడమ రెక్కకు బిగించాడు. గడియా గూడూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఎదురెదురుగా ఉండాలి. లేకపోతే గడియ రాచుకుని మోటారు అలసిపోతుంది, సెల్లులు తొందరగా అయిపోతాయి.

వేలిముద్రతో తెరుచుకునేవీ అంగడిలో ఉన్నాయి. అది వద్దన్నాను. జీవితమంతా మట్టిలో, పేడలో పనిచేసిన వేళ్ల గీతలు అరిగిపోతాయి. అలాంటివాళ్ల వేలిముద్ర పడక బియ్యం కోసం మళ్లీ మళ్లీ తిరిగే ముసలివాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. తడిమితే చేతికి తగిలే గట్టి మీటలున్న పలకనే తీసుకున్నాను.

దీనికి నాలుగు పెన్సిల్ సెల్లులు వేయాలి. ఆల్కలైన్ రకమే వేయాలి, పాతవీ కొత్తవీ కలపకూడదు. సెల్లులు తగ్గితే బీగం ముందుగానే కూతపెట్టి హెచ్చరిస్తుంది. పూర్తిగా అయిపోతే బయటి పలక కింద ఉన్న రెండు బొడిపెలకు తొమ్మిది వోల్టుల సెల్లు ఆనించి అంకెలు నొక్కాలి. అదీ కుదరకపోతే మూత వెనక మామూలు బీగం చెయ్యి పట్టే రంధ్రం ఉంది. ఆ చెయ్యిని మాత్రం ఇంట్లోని బీరువాలో దాచకూడదు. నమ్మకమైన పక్కింట్లో ఉంచాలి. అంకెలు పెట్టి పరీక్షించేటప్పుడు తలుపు తెరిచే ఉంచాలన్నది ఇంకో జాగ్రత్త.

అంకెలు రెండు రకాలు. ఒకటి రోజూ తలుపు తెరిచే వరస. రెండోది ఆ వరసను మార్చే అధికారమున్న పెద్ద వరస. కొత్త బీగానికి పెద్ద వరస 123456 అని అందరికీ తెలిసేలా పుస్తకంలోనే అచ్చువేసి ఉంటుంది. మొదట మార్చవలసింది దాన్నే. నాలుగంకెలకు 10,000 వరసలు సాధ్యం, ఆరంకెలకు 10 లక్షలు. కాని ఏళ్ల తరబడి అవే నాలుగు మీటలు నొక్కితే అవి అరిగి మెరుస్తాయి. అప్పుడు దొంగ ప్రయత్నించవలసింది 24 వరసలే. అందుకే అప్పుడప్పుడు మార్చమంటారు. మా బీగంలో ఇంకో వసతి ఉంది. అసలు వరసకు ముందూ వెనకా ఏవైనా దొంగ అంకెలు కలిపి నొక్కినా తెరుచుకుంటుంది. పక్కన చూసేవాడికి అసలు వరస ఏదో తెలియదు.

ఇవన్నీ చదివి, పెద్ద వరస నేను ఉంచుకుని, అమ్మకు నాలుగంకెలు నేర్పాను. వారం రోజుల్లో చక్కగా నొక్కడం నేర్చింది. నెల తర్వాత ఇంటి కప్పు బాగుచేయడానికి పనివాళ్లు వచ్చారు. వాళ్లు పోయాక, జాగ్రత్తపరుణ్ణి గదా, అంకెలు మార్చేసి చింతామణికి వచ్చాను. కొత్త అంకెలు ఫోనులో చెప్పాను. ఆమె "ఊఁ" అంది. ఆ ఊకొట్టడాన్ని నమ్మాను.

మరునాడు ఉదయం పాలు పోసి వచ్చి, అలవాటు కొద్దీ పాత అంకెలు నొక్కింది. ఐదుసార్లు తప్పు పడగానే బీగం కూతపెట్టి మూడు నిమిషాలు మొండికేసింది. అది బీగం ధర్మం. ఆమె మాత్రం చెడగొట్టానేమోనని భయపడి, ఎవరికీ చెప్పుకోలేక, అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నం దాటాక పక్కింటామె చూసి నాకు ఫోను చేసింది. నేను బస్సెక్కి పోయేసరికి సాయంకాలమైంది. అమ్మ కోప్పడలేదు. "బీగం చెయ్యి పోగొట్టుకుంటే అది నా తప్పురా. నాకు తెలిసిన లెక్క నువ్వు మారిస్తే అది ఎవరి తప్పు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇనుప చెయ్యి ఉన్నన్నాళ్లూ అది ఎవరి నడుముకు ఉందో వాళ్లదే ఇల్లు. అంకెల బీగానికి అలా కాదు. అంకెలు తెలిసినవాళ్లు వచ్చిపోయేవాళ్లు, మార్చగలిగినవాడే యజమాని. సార్జెంట్ తన బీగంలో ఆ అధికారాన్ని యజమానికి ఇచ్చాడు. నేను మా అమ్మ ఇంటికి దాన్ని పెట్టించి, ఆ అధికారాన్ని నా జేబులో వేసుకుని చింతామణికి వచ్చేశాను. ఆమె సౌకర్యం కోసమే చేశాననుకున్నాను. ఆమెను సొంత ఇంట్లో బాడుగకు ఉన్నట్టు చేశానని తోచలేదు.

ఆ రాత్రి ఇద్దరం వాకిట్లో కూర్చుని మొదటినుంచి మొదలుపెట్టాం. "నీకు ఎన్నటికీ మరవని లెక్క ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగాను. "ఉండకేమి, డెయిరీ నంబరు" అంది. ముప్పై ఏళ్లుగా రెండు పూటలా పాల డెయిరీలో చెప్పే మూడంకెల నంబరు అది. "అది ఊరంతా ఎరుగుదురు గదా?" అన్నాను. నవ్వి, దానికి ముందు ఇంకో మూడంకెలు తానే చేర్చింది. అవి ఏమిటని అడిగితే, "నువ్వు పుట్టకముందుటివి, నీకెందుకు?" అంది. పెద్ద వరస కూడా ఆమె చేతనే నొక్కించాను. నేను అటు తిరిగి కూర్చున్నాను. ఇనుప బీగం చెయ్యి ఒకటి పక్కింటామె దగ్గర ఉంది. దాన్ని ఎవరి దగ్గర ఉంచాలో కూడా అమ్మే చెప్పింది.

మొన్న పల్లెకు పోయినప్పుడు ఆమె పాలు పోయడానికి వెళ్లి ఉంది. తలుపు ముందు నిలబడ్డాను. నాకు అంకెలు తెలియవు. అరుగు మీద కూర్చుని ఆమె వచ్చేదాకా కాచుకున్నాను. ఎండలో నెమ్మదిగా నడుస్తూ వచ్చి, నన్ను చూసి, "పక్కకు జరుగు, కనబడుతుంది" అని పలకకు కొంగు అడ్డం పెట్టి తలుపు తీసింది.