ఆటోనగర్ పక్కన ఒక దీవి

సరూర్‌నగర్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ హైవే పట్టుకుంటే కాసేపటికి ఆటోనగర్ వస్తుంది. లారీ షెడ్లు, టైర్ల దుకాణాలు, వెల్డింగ్ మెరుపులు. వాటి పక్కనే మహావీర్ హరిణ వనస్థలి, సుమారు 14.6 చదరపు కిలోమీటర్ల తుప్పల అడవి, గడ్డినేల. ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరాన్ని పురస్కరించుకుని 1975లో ఆ పేరుతో జింకల పార్కు చేశారు. 1994లో జాతీయ ఉద్యానం అయింది. నలుదిక్కులా నగరం పెరిగిన ఈ అడవిని దీవిగా లెక్కగట్టవచ్చా, గడితే ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుంది అన్నది ఇక్కడ పరిశీలిస్తున్నాను.

పరిశోధకులకు దీవులంటే మోజు. ఎల్లలు స్పష్టంగా ఉంటాయి, వచ్చేవాటినీ పోయేవాటినీ లెక్కపెట్టవచ్చు. జీవశాస్త్రవేత్తలు రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ 1967లో వెలువరించిన పుస్తకం సారమూ ఈ రాకపోకల లెక్కే. కొత్తగా చేరే జాతులకూ అంతరించే జాతులకూ తూకం కుదిరిన చోట దీవి మీది జాతుల సంఖ్య నిలబడుతుందని వారి ప్రతిపాదన. దీవి పెద్దదైతే నష్టం తక్కువ, ఒడ్డుకు దగ్గరైతే రాక ఎక్కువ. విల్సన్, డేనియల్ సింబర్లాఫ్ దీన్ని ఫ్లోరిడాలో పరీక్షకు పెట్టారు. చిన్న చిన్న మడ దీవులకు గుడారం కప్పి, విషవాయువు వదిలి పురుగుల్ని తుడిచిపెట్టారు. దాదాపు ఏడాదిలో జాతుల సంఖ్య ఇంచుమించు మునుపటి స్థాయికి చేరింది. అయితే తిరిగి చేరినవి చాలావరకు వేరే జాతులు.

మనకు మరీ దగ్గరగా తోచే ఉదాహరణ పనామాలో ఉంది. కాలువ కోసం చాగ్రెస్ నదికి అడ్డంగా ఆనకట్ట కడితే, 1914 నాటికి ఒక కొండ చుట్టూ నీరు చేరి బారో కొలరాడో దీవి అయింది. వైశాల్యం 15.6 చదరపు కిలోమీటర్లు, వనస్థలి కంటే ఒక్క చదరపు కిలోమీటరు ఎక్కువ. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ పదుల కొద్దీ పక్షి జాతులు కనిపించకుండా పోయాయి. వనస్థలికీ ఇదే గతి అని రాసేయడం తేలిక, రాసేవాళ్లూ ఉంటారు. ఆధారాలు మాత్రం అంత దూరం రావు. బారో కొలరాడోలో పోయిన పక్షుల్లో కొన్నిటికి నీరు కారణం కాదు. పాత పొలాలూ తుప్పలూ ముదిరి దట్టమైన అడవి కావడంతో వాటికి పనికొచ్చే చోటు మిగల్లేదు. ఒంటరితనం చేసిన నష్టమెంత, చెట్లు ముదరడం చేసిన నష్టమెంత అన్నది విడదీసి చూడాల్సిందే.

పైగా పార్కు కంచె అన్ని ప్రాణులకూ సముద్రం కాదు. పాలపిట్టకు అది లెక్కే లేదు, కృష్ణజింకకు కంచె, దాని అవతలి హైవే దాటరానివి. 1626 నాటి సరూర్‌నగర్ చెరువునూ ఇళ్ల నడుమ నీటి దీవి అనుకోవచ్చు గానీ, నాలాలు దాన్ని వేరే నీళ్లతో కలుపుతూనే ఉంటాయి. మనుషుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పులికాట్‌కూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవిలోని యానాది తెగవారిని బ్రిటిష్ కాలపు రాతలు లోకానికి దూరంగా బతికే అడవి జనంగా చూపాయి. ఆ అడవి కట్టెలేమో మద్రాసు పొయ్యిల్లో మండేవి.

మళ్లీ జింక దగ్గరికి వద్దాం. కృష్ణజింక బయలు జంతువు. శత్రువును దూరం నుంచే చూసి పరుగుతో తప్పించుకుంటుంది. మగ జింక తన హద్దులో ఒకేచోట పదేపదే పెంటికలు వేసి కుప్ప చేస్తుంది, అది మిగతా మగవాటికి హెచ్చరిక. గుజరాత్‌లోని వేళావదర్‌లో పరిశోధకులు ఈ పెంటికల్ని పరిశీలిస్తే సర్కారు తుమ్మ గింజలు దొరికాయి. తుమ్మకాయ తియ్యగా ఉంటుంది, జింక తింటుంది, గింజ మొలకెత్తే స్థితిలోనే బయటపడుతుంది. అంటే తనకు కావలసిన బయలును తుప్పలకు అప్పగించడంలో జింకకూ చెయ్యి ఉంది! చెన్నైలోని గిండీ ఉద్యానం 2.7 చదరపు కిలోమీటర్లే. గడ్డినేల తుప్పలతో మూసుకుపోవడం కృష్ణజింకకు చేటని అక్కడి అధ్యయనాలూ అన్నాయి.

కాబట్టి వనస్థలిలో ఏనాడైనా కృష్ణజింకల సంఖ్య తగ్గితే, దీవి సిద్ధాంతం ఒక్కటే జవాబు అనుకోకూడదు. బయటి రక్తం కలవక మంద బలహీనపడి ఉండవచ్చు, లేదా బయలే కుంచించుకుపోయి ఉండవచ్చు. మొదటిదైతే వేరేచోటి నుంచి జింకల్ని తెచ్చి కలపాలి, రెండోదైతే తుప్పలు నరకాలి. జబ్బు ఒకటీ మందు ఒకటీ అయితే డబ్బు వృథా, కొన్నిసార్లు జింకలకూ ముప్పు.

రెంటినీ విడదీసే పరీక్ష మరీ ఖరీదైనదేమీ కాదు. కొన్నిచోట్ల తుప్పలు తీసేసి, పక్కన అలాంటి చోట్లనే ముట్టుకోకుండా వదిలి, రెండుచోట్లా పెంటికల కుప్పల్ని కొన్నేళ్లు లెక్కపెట్టాలి. గడ్డి ఏపుగా ఉన్న వానల చివర ఒకసారి, తుమ్మకాయలు రాలే ఎండాకాలంలో ఒకసారి. మంద ఎంత దగ్గరి బంధువులతో నిండిందో చెప్పే డీఎన్ఏ కూడా తాజా పెంటికల్లోంచే తీయవచ్చు, జింకను పట్టాల్సిన పని లేదు.