పడవ ఇంజనుకు పూచీ ఎవరు?

పడవ వెనుక అంచుకు మరలతో బిగించి, పని ముగిసిన తరువాత విప్పి ఒడ్డుకు మోసుకొని పోగల యంత్రాన్ని అవుట్‌బోర్డు మోటారు అంటారు. పైన ఇంజను, నడుమ నిలువుగా పొడవైన ఇరుసు, అడుగున నీటిలో తిరిగే పంకా - ఇదీ దాని స్వరూపం. మన కోస్తా జాలరులు అంత పొడుగు పేరుతో పిలువరు. వారికి అది ‘ఇంజను’ మాత్రమే.

రోడ్డుమీద బండి ఆగిపోతే దిగి నడవవచ్చును. తీరానికి పది మైళ్ల దూరాన ఈ ఇంజను ఆగిపోతే దిగడానికి చోటు లేదు. వలతో, చేపతో బరువెక్కిన పడవను ఎదురుగాలిలో ఇద్దరు ముగ్గురు మనుషులు తెడ్లు వేసి ఒడ్డుకు చేర్చడం ఎంత కష్టమో అనుభవించిన వారికే తెలుస్తుంది. అందుచేత ఈ యంత్రాన్ని కొనేవాడు తొలినాటి నుండీ రెండు ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు. ఇది ఆగిపోదని పూచీ ఎవరు? ఆగిపోతే బాగుచేసేవాడు ఎవడు? అవుట్‌బోర్డు మోటారు చరిత్రను గుర్రపుశక్తి లెక్కలతో చెప్పవచ్చును. ఈ రెండు ప్రశ్నల వెంట నడచినా ఆ చరిత్రే ఎదురవుతుంది. నాకు ఈ రెండవ దారి నచ్చినది.

అవుట్‌బోర్డు మోటారు అనే పేరు పెట్టినవాడు కామెరాన్ వాటర్మన్ అని చెబుతారు. యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతూ ఉండిన ఈ యువకుడు 1905లో డెట్రాయిట్ నదిమీద తన యంత్రాన్ని పరీక్షించి, తరువాత కొన్నేళ్లు తయారుచేసి అమ్మినాడు. కాని దానిని జనసామాన్యం చేతిలో పెట్టినవాడు ఓలె ఎవిన్‌రూడ్. ఈయన 1877లో నార్వే దేశంలో పుట్టి, పసితనంలోనే కుటుంబంతో అమెరికాకు వచ్చి విస్కాన్సిన్ రాష్ట్రంలో పెరిగినాడు. బడిచదువు స్వల్పం, చేతిపని అపారం. యంత్రశాలలలో పని నేర్చుకొని మిల్వాకీ నగరంలో అచ్చులు చెక్కే పనివాడుగా స్థిరపడినాడు. 1906 వేసవిలో ఒకనాడు సరస్సు ఒడ్డున వనవిహారానికి పోయినప్పుడు, బెస్ అనే యువతికి ఐస్‌క్రీము కావలసివచ్చినదట. ఓలె పడవ వేసుకొని అవతలి ఒడ్డుకు పోయి తెచ్చేసరికి ఎండకు అది కాస్తా కరిగిపోయినది. చేతులు కాయలు కాయగా తెడ్లు వేస్తూ, దీనికొక ఇంజను ఉంటే ఎంత బాగుండునని ఆయన అనుకొన్నాడని ఆ కుటుంబం చెప్పుకొనే కథ. బెస్ ఆయనకు భార్య అయినది. ఆయన కట్టిన మొదటి యంత్రాన్ని చూచి ఇది కాఫీగింజలు విసిరే మరలాగున ఉన్నదని నవ్వినది కూడా ఆమెయే.

1909లో అమ్మకానికి వచ్చిన ఆ యంత్రం శక్తి ఒకటిన్నర గుర్రాలు, బరువు 62 పౌనులు, వెల 62 డాలర్లు. పౌనుకు ఒక డాలరు చొప్పున తూచి ఇచ్చినట్లు ఉన్నది! చక్రంమీద అమర్చిన పిడిని చేత్తో పట్టి తిప్పితే ఇంజను అంటుకొనేది. అంటుకొన్న తరువాత ఆ పిడి కూడా చక్రంతోపాటు గిరగిర తిరుగుతూ ఉండేది కనుక, చెయ్యి త్వరగా తీయని వాని వేళ్లకు దెబ్బ తప్పేది కాదు. వ్యాపారానికి కావలసిన ఉత్తరాలు, ప్రకటనలు బెస్ వ్రాసేది. తెడ్లు పారవేయవలసినదిగా ఆమె ప్రకటన జనాన్ని కోరినది. తెలివైన కొనుగోలుదారులు ఇంజను కొన్నారు గాని తెడ్లు పారవేయలేదు. నేటికీ ఏ వివేకవంతుడూ పారవేయడు.

ఆ తొలి సంవత్సరాలలో యంత్రంమీద ఉన్న పేరూ, దానిని కట్టిన చెయ్యీ, ఫిర్యాదుకు జవాబు వ్రాసిన కలమూ ఒకే ఇంటివి. తరువాత జరిగినది విచిత్రం. బెస్ ఆరోగ్యం చెడిపోవడంతో 1914లో ఓలె తన వాటాను భాగస్వామికి అమ్మివేసి, అయిదేళ్లదాకా ఇటువంటి యంత్రాలు చేయనని మాట ఇచ్చినాడు. గడువు తీరిన తరువాత అల్యూమినియంతో తేలికైన రెండు సిలిండర్ల యంత్రాన్ని రూపొందించి పాత భాగస్వామి వద్దకే తీసుకొని పోయినాడు. అతడు వద్దన్నాడు. 1921లో ఎల్టో అనే పేరుతో ఓలె వేరే సంస్థ పెట్టుకోవలసివచ్చినది. ఎవిన్‌రూడ్ అనే పేరు చూచి నమ్మి కొన్నవారికి అప్పుడు లభించినది ఓలె పనితనం కాదు. ఓలె పనితనం కావలసినవారు మరొక పేరు వెదకికొనవలసివచ్చినది. సొంత పేరుతోనే పోటీ పడిన ఆ మనిషి చివరకు 1929లో గాని సంస్థల కలయిక ద్వారా తన పేరును తిరిగి చేరుకొనలేదు. 1933లో బెస్, 1934లో ఓలె కన్నుమూసినారు.

మిల్వాకీకి సమీపంలోనే సీడర్‌బర్గ్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1939లో అక్కడ దివాలా తీసిన ఒక చిన్న కర్మాగారాన్ని కార్ల్ కీకేఫర్ అనే యువ ఇంజనీరు కొన్నాడు. అతని ఉద్దేశం పడవ ఇంజనులు చేయడం కాదు. కర్మాగారం తాళం తీసి చూస్తే, సుమారు 300 అవుట్‌బోర్డు మోటారులు పడి ఉన్నవి. అవి మాంట్‌గొమరీ వార్డ్ అనే సంస్థకు పంపగా, పనికిరావని ఆ సంస్థ తిప్పికొట్టినవి. ఉత్తరంద్వారా ఆర్డరు తీసుకొని ఊరూరికీ సరుకు పంపే వ్యాపారం వారిది. చెడిపోయిన ఇంజను కొన్న రైతు ఎక్కడో దూరాన ఉంటాడు, వానికి కేటలాగులోని బొమ్మ తప్ప మరేమీ తెలియదు. అటువంటి వ్యాపారంలో వాపసు వచ్చే సరుకు ప్రాణాంతకం. కీకేఫర్ వాటిని తుక్కు కింద అమ్మివేయక, ఒక్కొక్కటే విప్పి, లోపాలు సవరించి, తిరిగి బిగించి పంపినాడు. ఈసారి ఆ సంస్థ పుచ్చుకొన్నది, పైగా మరికొన్ని కావాలని అడిగినది. మెర్క్యురీ మోటారుల సంస్థ పుట్టుక ఇది. ఆ పెద్ద సంస్థకు పునాది మరమ్మతుపని.

వాపసు వచ్చిన సరుకు మధ్య వ్యాపారం ప్రారంభించినవాడు మన్నికను గురించి ఎంత పట్టుదల వహించగలడో అతడు తరువాత చూపినాడు. 1957లో ఫ్లోరిడా రాష్ట్రంలో అడవుల నడుమ ఒక సరస్సును సంపాదించి, దానికి ‘ఎక్స్’ అని గుప్తనామం పెట్టి, చుట్టూ కాపలా ఉంచినాడు. ఆ ఏటనే అక్కడ రెండు పడవలను రాత్రింబగళ్లు పరుగెత్తించి, నడకలోనే ఇంధనం నింపుతూ 25,000 మైళ్లు పూర్తిచేయించినాడు. సెబాసే! కాని ఆ సరస్సు నీరు మంచినీరు. అక్కడ ఇంజను పక్కన ఇంజనీర్ల బృందం నిలుచొని ఉన్నది. ఉప్పునీటిలో, ఇసుక కలిసిన అలలలో, ఒంటరిగా పనిచేసే ఇంజను సంగతి వేరు.

ఇక కాగితంమీది పూచీ విషయం. మన దేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టం కొనుగోలు ఒప్పందంలోని షరతులను రెండుగా విభజించినది. ఒప్పందానికి ప్రాణం వంటిది భంగమైతే సరుకును నిరాకరించవచ్చును. వారంటీ అనబడే ఉపషరతు భంగమైతే నష్టపరిహారం కోరవచ్చునే గాని సరుకును తిరిగి ఇచ్చివేసే హక్కు లేదు. ఏది గొప్ప వాగ్దానమని మనం అనుకొంటామో, చట్టం దృష్టిలో అది చిన్న వాగ్దానం. అమెరికాలో 1975లో మాగ్నుసన్-మాస్ చట్టం వచ్చినది. వ్రాతపూర్వకమైన వారంటీ సంపూర్ణమా, పరిమితమా అన్నది శీర్షికలోనే స్పష్టం చేయాలనీ, ఫలానా బ్రాండు సామాను వాడితేనే వారంటీ చెల్లుతుందని సామాన్యంగా నిర్బంధించరాదనీ అది శాసించినది. పరిమిత వారంటీ అనే మాట అప్పటి నుండే పెట్టెలమీద అంత విరివిగా కనిపించసాగినది.

ఈ పత్రాలను చదివే ఓపిక ఉన్నవారు ఒక సంగతి గమనించవచ్చును. విహారానికి వాడే ఇంజనుకు పూచీ కాలం ఎక్కువ, జీవనోపాధికి వాడే ఇంజనుకు తక్కువ. ఆదివారం సరదాగా రెండు గంటలు నడిపేవాడి ఇంజను తక్కువ అరుగుతుందన్నది వ్యాపారి న్యాయం, అందులో తప్పు పట్టలేము. అయినా, ఇంజను ఆగితే ఎవరి పొయ్యి ఆరిపోతుందో వారికే పూచీ తక్కువ కావడం చూచి మనసు కలుక్కుమనక మానదు. మన 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టానికి 1993లో చేర్చిన వివరణ ఇక్కడ ఉపకరించినది. వ్యాపారం కొరకు కొన్నవాడు వినియోగదారుడు కాడు. కాని స్వయంకృషితో పొట్ట పోసుకొనడానికే కొన్నవాడిని వ్యాపారిగా లెక్కించరాదని ఆ వివరణ చెప్పినది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం కూడా ఈ రక్షణను నిలుపుకొన్నది. సొంత తెప్పకు ఇంజను కొనుక్కొన్న జాలరి జిల్లా కమిషను గుమ్మం ఎక్కగలడంటే ఈ వాక్యమే కారణం.

పూచీ ఇచ్చినవాడే లేకుండా పోతే? ఎవిన్‌రూడ్, జాన్సన్ అనే రెండు ప్రసిద్ధ నామాలు 1936లో ఒకే గొడుగు కిందికి వచ్చి, దశాబ్దాలపాటు వెలిగినవి. పాత రెండు స్ట్రోకుల ఇంజనులలో పోసిన పెట్రోలులో సుమారు నాలుగవ వంతు మండకుండానే నీటి పాలయ్యేది. అమెరికా ప్రభుత్వం 1996లో కాలుష్య నిబంధనలు విధించగా, ఆ సంస్థ ఫిక్ట్ అనే కొత్త ఇంధన పద్ధతిని తొందరగా ఇంజనులలోకి తెచ్చినది. తొలి ఇంజనులు అనేకం చెడిపోయినవి. పేరు దెబ్బతిన్నది. 2000 డిసెంబరులో సంస్థ దివాలా ప్రకటించినది. దివాలా తీసినవాని పూచీపత్రం చేతిలో ఉన్నవాడు తాకట్టు లేని అప్పులవారి వరుసలో నిలుచోవలసినవాడే. 2001లో బాంబార్డియర్ సంస్థ ఆ పేర్లను కొన్నది. దాని వారసురాలైన బీఆర్‌పీ 2020 మే నెలలో ఎవిన్‌రూడ్ ఇంజనుల తయారీని నిలిపివేస్తూ, సామాను సరఫరా చేస్తామనీ, ఇచ్చిన వారంటీలు చెల్లిస్తామనీ ప్రకటించినది. ఓలె, బెస్ దంపతులు మొదలుపెట్టిన పేరు 111 సంవత్సరాలు బ్రతికినది.

వేరొక మార్గం తొక్కినవారూ లేకపోలేదు. ఇంగ్లండులోని బ్రిటిష్ సీగల్ వారు అందంగాని, వేగంగాని లేని ఇంజను చేసినారు. కాని నాలుగు పనిముట్లతో ఎవడైనా విప్పి బిగించుకొనవచ్చును. ఆ సరళతే దానికి పూచీ. 1960లో మొదటి ఇంజను చేసిన జపాను దేశపు యమహా వారు బీద దేశాల జాలరులను దృష్టిలో పెట్టుకొని, గట్టి ఇంజనులతోపాటు మరమ్మతు నేర్పే మనుషులను కూడా తీరాలకు పంపినారు. 1980 ప్రాంతాలలో కేరళ తీరంలో ఈ యంత్రాలు విస్తరించినప్పుడు, పెట్రోలుతో రగిలించి కిరసనాయిలుతో నడిపే అలవాటు ఏర్పడినది. ఖర్చు తగ్గినది, లోపల మసి పెరిగినది. మసి తీసే మేస్త్రీకి తీరమంతటా పని దొరికినది.

మన ఉత్తరాంధ్ర తీరంలో ఇప్పుడు ఫైబరు తెప్పలకు కూడా ఇంజనులు ఉన్నవి. జాలరుల కార్యక్రమం కొరకు శబ్దాలు సేకరించడానికి ఒక పల్లెకు పోయినప్పుడు, తాటాకు పాక కింద పనిచేసే ఒక మేస్త్రీని చూచినాను. పాక ముందు నీళ్లు నింపిన పీపా, దాని అంచుకు బిగించిన ఇంజను. నాలుగు మైళ్ల దూరాన బోర్డు కట్టిన దుకాణం ఉండగా ఇక్కడికే ఎందుకు తెచ్చినావని ఇంజను యజమానిని అడిగినాను. “పాత సామాను చేతిలో పెడతాడు బాబూ, మార్చానని ఊరికే చెప్పడు” అన్నాడు అతడు. మేస్త్రీ ఇంజను విప్పకముందే ప్రశ్నలు వేస్తాడనీ, ఒక్కసారిగా ఆగిందా, మూలిగి ఆగిందా, నీటిధార పక్కనుండి వస్తున్నదా అని అడుగుతాడనీ కూడా చెప్పినాడు.

ఆ ప్రశ్నలలోనే విద్య అంతా ఉన్నది. ఒక్కసారిగా ఆగితే నిప్పురవ్వ అందలేదేమో, ప్లగ్గు తడిసినదేమో చూడాలి. ఇంజను తిరుగుతూ పడవ కదలకపోతే పంకా దేనికో తగిలి, పళ్లచక్రాలను కాపాడడానికి తానే తెగిపోయే చిన్న మేకు తెగి ఉంటుంది. మూలిగి, వేడెక్కి ఆగితే నీటిపంపులోని రబ్బరు చక్రం పాడై ఉంటుంది. ఒడ్డుమీద నీళ్లు లేకుండా ఒక్క నిమిషం నడిపినా ఆ రబ్బరు కమిలిపోతుంది. వేట నుండి వచ్చిన తరువాత మంచినీటితో కడగకపోతే ఉప్పు లోపలి దారులను మూసివేస్తుంది. ఇటువంటి దోషాలు చాలావరకు వారంటీ పత్రాలలో మినహాయింపుల కింద ఉండేవే. అంటే పత్రం ఎక్కడ చెయ్యి వదలివేస్తుందో అక్కడ ఈ పాక మొదలవుతుంది.

మేస్త్రీ తాడు లాగినాడు. పీపాలో నీళ్లు సుడి తిరిగినవి. నేను శబ్దగ్రాహకాన్ని దగ్గరకు జరిపి, పక్కనున్న కుర్రవానితో ఏదో చెప్పబోగా అతడు చెయ్యెత్తి వారించినాడు. అతడు వింటున్నాడు. ఇరవై ఏళ్లుగా స్టూడియోలలో ఇతరులను నిశ్శబ్దంగా ఉండమని వేడుకొంటున్న మేము నోరు మూసుకొని నిలుచొన్నాము. కొంతసేపటికి ఒక మరను పావు చుట్టు తిప్పి, మళ్లీ విని, ఇంజను ఆపివేసినాడు. అరిగి రెక్కలు ఊడిన రబ్బరు చక్రాన్ని తుడిచి యజమాని అరచేతిలో పెట్టినాడు. యజమాని దానిని తిప్పి తిప్పి చూచి జేబులో వేసుకొని, ఇంజనును భుజానికి ఎత్తుకొని తెప్పవైపు నడచినాడు.